నీచు ముట్టని కుక్క

మా అత్తవారింట్లో కుక్కని పెంచాలని ఎవరూ అనుకోలేదు. కొట్టు అరుగు కింద ఒక వీధికుక్క పిల్లల్ని పెట్టింది. ఐదింటిలో నాలుగు పోయాయి. మిగిలినదాన్ని తరిమే తీరిక ఎవరికీ లేకపోయింది. నేను కాపురానికి వచ్చేసరికి దానికి ఏడాది వయసు. ఆడకుక్క. గోధుమరంగు, ఒక చెవి కొస తెగి ఉండేది. పేరు లేదు. కొత్తలో ఒకసారి పేరు పెడదామా అని అడిగితే మా అత్తగారు, "కుక్కకి పేరేటే? బారసాల కూడా సేస్తావేటి?" అన్నారు. మళ్ళీ అడగలేదు. దాన్ని పిలవాలంటే గిన్నె మీద గరిటెతో కొట్టేవాళ్ళం. వచ్చేది.

నరసన్నపేట నుంచి పాతపట్నం వైపు వెళ్ళే బండిబాట మీద మాది చిన్న బజారు ఊరు. మావగారిది ధాన్యం, బెల్లం, చింతపండు వ్యాపారం. ముందు కొట్టు, వెనక ఇల్లు, ఇంటి వెనక పెరడు, పెరటి గోడ అవతల బండ్లు విప్పే ఖాళీ జాగా. యుద్ధం రోజులవి. బియ్యం కంట్రోలు, కిరసనాయిలు కంట్రోలు. మా ఇంట్లో గింజ పారేసేవాళ్ళు కారు. గోనె సంచులు దులిపితే రాలిన నూకల్ని చెరిగి, రాళ్ళు ఏరి జావ కాచేవాళ్ళం. ఊరికే తిని కూర్చునే ప్రాణికి అక్కడ చోటు లేదు, మనిషైనా సరే, పశువైనా సరే. ఆ కుక్క తన తిండి తను సంపాదించుకునేది. పెరట్లో చాపల మీద చింతపండు, మిరపకాయలు ఎండబెడితే మేకల్నీ కోతుల్నీ దగ్గరికి రానిచ్చేది కాదు. అది లేని రోజున నేను కర్ర పట్టుకుని ఎండలో కూర్చోవలసి వచ్చేది.

దాన్ని ముట్టుకునేవాళ్ళం కాదు. ముట్టుకుంటే స్నానం చెయ్యాలి. అది గడప దాటేది కాదు, దాటకూడదని దానికీ తెలుసు. ఇప్పుడు మా మనవలు కుక్కని మంచం మీద పడుకోబెట్టుకుంటున్నారు. దానికో దుప్పటి, దానికో దువ్వెన. నాకు నచ్చదు, నచ్చదనే చెబుతాను. "నీకు జంతువులంటే జాలి లేదు నానమ్మా" అంటారు. జాలి అనే మాట మా ఇంట్లో చాలా వాడేవారు, రోజూ వినేదాన్ని. అందరం తిన్నాక మిగిలిన అన్నంలో చారునీళ్ళు కలిపి పెరట్లో రాతి మీద పెట్టేదాన్ని. అది తినేది. ఆ పని ఒక్క రోజు మానలేదు, ఏకాదశి తప్ప.

ఏకాదశి సంగతి చెప్పాలి. మా మావగారు జీవహింస అంటే వణికిపోయే మనిషి. పొద్దున్నే పుట్టల దగ్గర చీమలకి నూకలు చల్లి గాని కొట్టు తెరిచేవారు కాదు. బండివాడు ఎద్దుని ముల్లుకర్రతో పొడిస్తే అరుగు మీద నుంచే తిట్లు లంకించుకునేవారు. అదే బండి మీద ఇంకో రెండు బస్తాలు వేయించేవారు, అది వేరే సంగతి. ఏకాదశికి ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. పెద్దవాళ్ళకి పాలు, పళ్ళు. నాకు కాసిని అటుకులు. మిగిలేది ఏమీ ఉండదు కనక కుక్కకీ ఏమీ ఉండదు. మావగారు దాన్ని మరో రకంగా చూశారు.

కొట్టుకి వచ్చినవాళ్ళకి చెప్పేవారు. "మా ఇంటి కుక్క ఏకాదశి ఉపాసం ఉంటాది, తెల్సునా? నీచు వాసనొస్తే తల తిప్పీసుకుంటాది. పూర్వజన్మలో మనోళ్ళలోనే పుట్టుంటాది."

"అయితే షావుకారూ, దానికి జంజెం ఎప్పుడేస్తావు?" అనేవారు రైతులు. నవ్వేవారు. మావగారూ నవ్వేవారు.

రానురాను ఆ మాట పెద్దదైంది. బెల్లం తెచ్చేవాళ్ళు దిగీ దిగకుండానే "ఏకాదశి కుక్క ఏదీ?" అని అడిగేవారు. శ్రీముఖలింగం వెళ్ళే యాత్రికులు బండి ఆపి చూసేవారు. ఆ కొట్లో కుక్క కూడా నియమంగా ఉంటుందట, ఇంక సరుకు సంగతి చెప్పాలా అనే పేరు వచ్చింది మాకు. మావగారు ఆ పేరు కోసం అబద్ధం ఆడలేదు. ఆయన నిజంగానే నమ్మారు.

అది నీచు తింటుందని నాకు తెలుసు.

ఒక ఏకాదశి మధ్యాహ్నం చాప మీద చింతపండు తిరగేస్తున్నాను. కోతులు వచ్చాయి, కుక్క లేదు. గిన్నె మోగించినా రాలేదు. రోలు మీద కాలు పెట్టి గోడ అవతలికి చూశాను. చేపలమ్మే ఆవిడ గంప దించుకుని గోడ నీడన కూర్చుంది. సముద్రపు ఒడ్డు పల్లె నుంచి వారానికి రెండుసార్లు ఎండు చేపలు తెచ్చేది. మా వీధిలో ఆవిడ కేక వెయ్యకూడదు. మా వాళ్ళ ఇళ్ళు దాటాక కేక మొదలుపెట్టేది. తిరిగి వెళ్ళేటప్పుడు మాత్రం మా దగ్గరే చింతపండు కొనుక్కునేది. మా కుక్క ఆవిడ ముందు పొట్ట నేలకి ఆనించి, ముందుకాళ్ళ మధ్య చేప తలకాయలు పెట్టుకుని నములుతోంది. అది నమిలే నిదానం చూస్తే మొదటిసారి కాదని తెలుస్తోంది.

ఆవిడ నన్ను చూసి ఏమీ దాచుకోలేదు.

"ఏటమ్మా కోడలమ్మా, అలా సూస్తన్నావు? మీ ఇంటికాడ ఉపాసం, నా గంపకాడ బోజనం. దీనికున్న తెలివి నాకుంటే నాను ఈపాటికి మేడ కట్టీదాన్ని."

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"కూనప్పటి నుంచీ. మీ మావ కొట్లోంచి ఈదంతా ఇనబడేలా సెప్తంటాడు కదా, నీచు ముట్టదని. ఇద్దరం ఇక్కడ కూకుని ఇంటాం. నాకు నవ్వొస్తాది. ఇది తోకూపుతాది."

"ఎవరికీ సెప్పకు. మావయ్యకి తెలిస్తే ఏరు దాటించీస్తారు."

"నాకేటి పనమ్మా? సెప్తే మీ మావ నాకు సింతపండు తూస్తాడేటి?"

ఏరు దాటించడమంటే ఇది. మా ఇళ్ళల్లో ఏ ప్రాణినీ చంపరు. వద్దనుకున్నదాన్ని గోనె సంచిలో వేసి, మూతి కట్టి, ధాన్యం బండి వెనక వేలాడదీసి వంశధార అవతలి ఒడ్డున వదిలిపెట్టిస్తారు. అది బతికిందో చచ్చిందో మనకి తెలియదు కనక పాపం అంటదు. నేను వచ్చిన ఏడాదే ఒక పిల్లి ఎక్కడి నుంచో చేపముక్క తెచ్చి వంటింట్లో పడేసింది. అత్తగారు వంటిల్లు కడిగించి, పసుపునీళ్ళు చల్లించి, పొద్దు వాలేలోగా పిల్లిని సంచిలో పంపేశారు. సంచి కదులుతూ బండి వెనక వెళ్ళడం చూశాను. సంచి తిరిగి తెమ్మని బండివాడికి అత్తగారు రెండుసార్లు చెప్పారు.

అందుకని కుక్క సంగతి నా దగ్గరే ఉంచుకున్నాను. దాని మీద దయ అనుకోవద్దు. కుక్క పోతే ఎండలో కర్ర పట్టుకుని కూర్చునేది నేను.

మూడో వేసవిలో బజారులోకి పిచ్చికుక్క వచ్చింది. ఒక గానుగ ఎద్దునీ ఇద్దరు మనుషుల్నీ కరిచింది. ఒకాయన్ని పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళి బొడ్డు చుట్టూ సూదులు వేయించారు, బతికాడు. రెండో మనిషి ఆడది. ఆకు పసరు తాగి ఇంట్లో ఉండిపోయింది. కొన్నాళ్ళకి మంచినీళ్ళ ముంత చూసి అరవడం మొదలుపెట్టింది. ఆవిడ ఇల్లు మాకు నాలుగిళ్ళ అవతల. ఆ అరుపులు మేమంతా విన్నాం. వింటూనే పప్పు రుబ్బాను, బట్టలు ఉతికాను. ఆవిడ పోయాక ఊరిపెద్దలు కూర్చుని ఊళ్ళో కుక్కల్ని చంపించాలన్నారు. వద్దన్నవాళ్ళు లేరు. నన్ను అడిగినా వద్దనేదాన్ని కాదు.

డప్పు వేయించారు. మూడు రోజులు ఎవరి కుక్కని వాళ్ళు కట్టేసుకోవాలి, వీధుల్లో మందు పెడతారు, తరవాత ఎవరూ ఏమీ అడగకూడదు. మందంటే ఎండు చేప దంచి, విషం కలిపి కట్టిన ఉండలు. ఎండు చేపైతే వాసనకి కుక్కలు దూరం నుంచి వస్తాయి, ఆవులూ గేదెలూ ముట్టవు, అందుకని అలా చేశారు.

ఆ ఉండలు మొయ్యడానికి పాత గోనె సంచులిమ్మని పెద్దలిద్దరు మావగారి దగ్గరికి వచ్చారు. తలుపు సందులోంచి అంతా విన్నాను.

"నా సంచి ఆ పాపంలోకి రాదు" అన్నారు మావగారు.

"పోనీలే. నీ కుక్కనైతే కట్టీసుకో షావుకారూ."

"మా కుక్కకి కట్టేటి? మీరెట్టేది నీచు కదా. అది ముట్టదు. ఊరంతా కళ్ళారా సూసుకోండి."

వాళ్ళలో పెద్దవాడు నవ్వాడు. "సూస్తాం సూస్తాం. కట్టకుండా ఒగ్గీసి, మూడు రోజులయ్యాక అది బతికుంటే నీ మాట నిజమే. కట్టీసినావంటే ఇన్నాళ్ళూ కోతలు కోసినట్టే."

అక్కడితో ముడి పడిపోయింది. కట్టేస్తే మావగారి మాట పోతుంది, కట్టకపోతే కుక్క పోతుంది. ఆ రెండోది తెలిసినదాన్ని ఇంట్లో నేనొక్కదాన్నే అనుకున్నాను. మా ఆయన ఊళ్ళో ఉంటే చెప్పేదాన్నేమో. బెల్లం కొనుగోలుకి పర్లాకిమిడి వైపు వెళ్ళారు, వారం దాకా రారు.

మొదటి రోజు పొద్దున్నే పశువుల పాకలో పురికొసతో కట్టేశాను. బస్తాలు విప్పినప్పుడల్లా కుట్టిన దారం లాగి ఉండచుట్టి దాచేదాన్ని. దాన్ని నాలుగు పేటలు పేని ఉచ్చు వేశాను. మెడ ముట్టుకోకుండా వెయ్యడానికి చాలాసేపు పట్టింది. అది ఆటనుకుంది కాబోలు, తల అటూ ఇటూ తిప్పింది. అత్తగారు అడిగితే "కాలు కుంటుతున్నాది అత్తమ్మా" అన్నాను. ఆవిడ కుక్క వైపు చూశారు, నా వైపు చూశారు, లోపలికి వెళ్ళిపోయారు. మావగారు పెరట్లోకి రాలేదు. ఆ సాయంత్రం చచ్చిన కుక్కల్ని ఏరుకుంటూ ఒక బండి మా పెరటి గోడ అవతల నుంచి వెళ్ళింది. కాళ్ళు బయటికి వేలాడుతున్నాయి. మా కుక్క పాకలోంచి ఆ బండి చప్పుడుకి మొరిగింది.

రెండో రోజు పొద్దున్న మేకలు వచ్చి చింతపండు చాప తొక్కేశాయి. అత్తగారు చేట పట్టుకుని వచ్చారు.

"కట్టేసిన కుక్క కాపలా కాస్తాదేటి? విప్పు."

"ఇంకొక్క రోజు అత్తమ్మా."

"కాలు బాగానే ఉన్నాది కదా. ఎందుకే?"

నోటిదాకా వచ్చింది. "కుక్క కదా అత్తమ్మా. ఆకలేస్తే ఏదైనా తినీగలదు" అన్నాను. అంతవరకే అన్నాను.

అత్తగారు చేట కింద పెట్టారు. "ఆకలా? మనింట్లో ఆకలేటి? మనం తిండెట్టట్లేదని ఊరికి సెప్తావా? సూసినావా నువ్వు? సూసుంటే సెప్పు."

నేను వంగి పురికొస ముడి సవరించాను.

"సూడనప్పుడు నోరులేనిదాని మీద నిందెయ్యకు. మీ పుట్టింటి కుక్కలు ఏటి తినీవో నాకు తెల్దు. విప్పు."

విప్పాను. పెరటి తలుపు గడియ వేసి, చాప దగ్గరే ఉంచాను. గోడ దూకగలదు గాని ఎండ ఎక్కువగా ఉండి ఆ రోజు దూకలేదు.

మధ్యాహ్నం గోడ అవతల నుంచి చేపలావిడ పిలిచింది. రోలు ఎక్కి చూశాను. ఆ రోజు గంప దించలేదు, నెత్తి మీద పెట్టుకునే నిలబడింది.

"కోడలమ్మా, దాన్ని కట్టీ. ఆ ఉండలు నా సరుకుతో సేసినారు. రెండు గంపలు ఒకేసారి కొన్నారు, ఏ పెళ్ళికో అనుకున్నాను. ఇప్పుడు తెలిసినాది. అది నా సరుకు వాసన కూనప్పటి నుంచీ ఎరుగున్నాది. వొగ్గదు."

"కట్టనివ్వటం నేదు."

"అయితే నాతో పంపీ. తలకాయొకటి సూపిస్తే ఎనకాలే వస్తాది. మా పల్లెలో నాలుగు రోజులుంచి, మళ్ళీ వచ్చినప్పుడు తోలుకొస్తాను."

ఆ మాట మంచిదే. ఇప్పటికీ మంచి మాటే అంటాను. కాని అప్పుడు నాకు కనిపించింది మరోటి. మావగారి ఏకాదశి కుక్క, చేపల గంప వెనక తోక ఊపుకుంటూ బజారు మధ్య నడిచి వెళ్ళడం. అరుగుల మీద జనం. పైగా చాపల నిండా మిరపకాయలు ఉన్నాయి, నాలుగు రోజులు ఎవరు కాస్తారు?

"అందరూ సూస్తారు" అన్నాను.

"సూస్తే సూడనీ. సూపులకి సస్తారేటి?"

"వద్దు."

ఆవిడ గంప సర్దుకుంది. "నీ ఇష్టం తల్లీ. రేపటిదాకా ఈ ఊరి సత్రంకాడే ఉంటాను, మనసు మారితే కేకెయ్యి" అని వెళ్ళిపోయింది.

ఆ పూటే మావగారికి చెప్పేద్దామనుకున్నాను. మా ఇళ్ళల్లో కోడలు మావగారి ఎదుట నిలబడి మాట్లాడదు. తలుపు చాటు నుంచి, అదీ అడిగినదానికి. ఆయన భోజనం చేస్తున్నారు. నేను తలుపు చాటున నిలబడి మాటలు కూర్చుకున్నాను. మావయ్యా, అది చేప తింటాది, నేను చూశాను. అంతే. చెబితే కుక్కని సంచిలో వేస్తారు. ఎప్పుడు చూశావు, ఇన్నాళ్ళు ఎందుకు దాచావు అంటారు. నీచు తిన్న కుక్కకి రోజూ అన్నం పెట్టి వచ్చి అదే చేత్తో వంటింట్లో అన్నీ ముట్టుకున్నావా అంటారు. ఇల్లంతా కడగాలి, కుండలన్నీ మార్చాలి.

"ఏటమ్మా, అక్కడ నిలబడిపోయావు?" అన్నారు మావగారు.

"మజ్జిగ పొయ్యమంటారా?" అన్నాను.

"పొయ్యి."

పోశాను.

ఏరు అవతల అది బతికేదే. తిండి వెతుక్కోవడం దానికి బాగా వచ్చు. ఆ ఆలోచన అప్పుడు రాలేదు. సంచిలో వెయ్యడమంటే చంపడమేనని ఒకటి మనసులో పెట్టుకుని, ఆ చావు నుంచి దాన్ని కాపాడుతున్నాననుకున్నాను.

మూడో రోజు పొద్దున్న దాని కడుపు నింపడం ఒక్కటే నాకు తోచిన ఉపాయం. నా వంతు చద్దన్నం మొత్తం రాతి మీద పెట్టాను. పెరుగు కూడా వేశాను, ఎవరినీ అడగకుండా తీసిన పెరుగు. తింది. గిన్నె అడుగున మాడు గీకి పెట్టాను. అదీ తింది. పొట్ట రెండు పక్కలా ఉబ్బింది. చాప పక్కన వాలి పడుకుంది. ఇంక దేనికీ పోదనుకున్నాను. కడుపు నిండినవాళ్ళు పక్కింటి వంట వైపు చూడరని నమ్మే వయసు నాది.

పొద్దెక్కాక ధాన్యం బండి వచ్చింది. బస్తాలు దింపడానికి పెరటి తలుపు బార్లా తీశారు. బస్తాలు చూసుకుంటున్నాను. మళ్ళీ చాప వైపు చూసేసరికి కుక్క లేదు.

గిన్నె మోగించాను. రాలేదు.

కాసేపటికి కొట్టు ముందు గోల వినిపించింది. మా ఆడవాళ్ళు కొట్టు వైపు వెళ్ళరు. ఆ రోజు వెళ్ళాను. కుక్క అరుగు ముందు పక్కకి పడి ఉంది. నాలుగు కాళ్ళూ నిటారుగా చాచుకుపోయాయి, మెడ వెనక్కి విరుచుకుంది. కొంచెం వదిలేది, మళ్ళీ బిగుసుకునేది. ఎవరైనా గట్టిగా మాట్లాడితే చాలు బిగుసుకునేది. చుట్టూ పదిమంది నిలబడి గట్టిగానే మాట్లాడుతున్నారు.

సత్రం వైపు నుంచి చేపలావిడ వస్తోంది. గంప కింద పడేసి కుక్క తల దగ్గర కూలబడింది.

"సూస్తారేటి అలాగ? ఉప్పునీళ్ళు తెండి, కక్కించాల!"

ఎవరూ కదల్లేదు. ఆవిడ నా వైపు తిరిగింది. "నిన్నేనమ్మా!"

పరుగెత్తి ఉప్పునీళ్ళు తెచ్చాను. ఇత్తడి చెంబుతో కాదు, పారేస్తే నష్టం లేని మట్టి ముంతతో. అంత కంగారులోనూ ఏది తియ్యాలో చేతికి తెలుసు. ఆవిడ దవడలు విప్పి పట్టుకుని "కాళ్ళట్టుకో" అంది. పట్టుకున్నాను. మూడేళ్ళు అన్నం పెట్టాను, దాన్ని ముట్టుకోవడం అదే మొదలు. కాళ్ళు కట్టెల్లా ఉన్నాయి, వేడిగా ఉన్నాయి. నీళ్ళు లోపలికి దిగలేదు, మూతి పక్క నుంచి కారిపోయాయి. నోట్లోంచి ఎండు చేప వాసన వచ్చింది. ఆవిడకీ నాకూ వచ్చింది. ఇంకెవరూ అంత దగ్గరగా లేరు.

ఇంకోసారి బిగుసుకుంది. ఆ తరవాత వదల్లేదు.

మావగారు అరుగు మీద నిలబడే ఉన్నారు. "ఏటయింది దానికి?" అన్నారు.

సంచులు అడగడానికి వచ్చిన పెద్దమనిషి కూడా అక్కడే ఉన్నాడు. "ఇంకేటవుద్ది షావుకారూ? ఉండ తినీసినాది."

"అది తినదు." మావగారి గొంతు సన్నగా వచ్చింది. చేపలావిడని చూశారు. "ఒసే, దాని నోరు నువ్వే కదా విప్పినావు. నువ్వు సెప్పు. ఏటి తిన్నాది?"

అందరూ ఆవిడ వైపు చూశారు. ఆవిడ నా వైపు చూసింది. నేను చెప్పమన్నట్టు తల ఆడిస్తే చెప్పేది. నేను ఇంకా కాళ్ళు వదల్లేదు. ఆ కాళ్ళనే చూస్తూ ఉండిపోయాను.

"ఏటీ తిన్నేదు బాబూ" అంది ఆవిడ. "పాము కరిసినట్టున్నాది. పాము కరిస్తే ఇలాగే బిగుసుకుపోద్ది."

"సెప్పానా!" అన్నారు మావగారు.

పెద్దమనిషి పక్కకి తిరిగి ఉమ్మి వెళ్ళిపోయాడు.

మావగారు బండ్ల జాగాలో ఒక మూల గొయ్యి తవ్వించారు. పాత సంచి ఇవ్వనన్న మనిషి కుక్కకి కొత్త సంచి ఇచ్చారు. పసుపు, ఉప్పు వేయించారు. నేను స్నానం చేశాను, చీర తడిపి ఆరేశాను, ముంత దిబ్బ మీద పారేశాను. వంట చేశాను. పెట్టాను, తిన్నాను. పొద్దున్న తినలేదు కనక ఆకలి బాగానే వేసింది. ఏడుపు రాలేదు. రావాలని కూడా తోచలేదు. మర్నాడు చింతపండు చాప దగ్గర కర్ర పట్టుకుని కూర్చున్నాను.

ఊరంతా విషం చల్లినా ముట్టని కుక్క చివరికి పాము కాటుకి పోయిందని మావగారు పోయేవరకు చెప్పారు. వినేవాళ్ళు అయ్యో అనేవారు. నేను లోపల నుంచి వినేదాన్ని.

చేపలావిడ గోడ నీడన కూర్చోవడం మానేసింది. కొన్నాళ్ళకి చింతపండు కోసం పెరటి తలుపు దగ్గరికి వచ్చింది. తూచి ఇస్తుంటే, గొంతు తగ్గించి అంది: "నాను నిజం సెప్తే, నువ్వే అలవాటు సేసినావని నన్ను తన్నీవోరు. నువ్వు సెప్తే నిన్ను తిట్టీవోరు. అంతే కదమ్మా?"

కొసరు ఒక గుప్పెడు వేశాను. నేను ఎప్పుడూ ఎవరికీ కొసరు వేసిందాన్ని కాదు. ఆవిడ ఆ గుప్పెడూ తీసి మళ్ళీ తట్టలో పడేసి వెళ్ళిపోయింది.

కార్తీకం ముందు ఒక మధ్యాహ్నం అత్తగారూ నేనూ వసారాలో కూర్చుని వత్తులు చేస్తున్నాం. ఇంటి పత్తే, గింజ తీసి చేసుకునేవాళ్ళం. ఆవిడ నా వైపు చూడకుండా అన్నారు:

"పెరడు ఊడ్సడం ఇప్పుడు తేలికైపోనాది."

"ఏం అత్తమ్మా?"

"ముళ్ళుండవు కదా."

నేను చేతిలో పత్తి ఒళ్ళో పెట్టుకున్నాను.

"రాతి పక్కన, పాక ఎనకాల. తెచ్చుకుని నమిలీది. మీ మావ నిద్ర నెగవక ముందే ఊడ్సి దిబ్బలో కప్పెట్టీదాన్ని. నువ్వు రాకముందు నుంచీ."

"నాకూ తెలుసు అత్తమ్మా. చూశాను."

"ఊఁ. కట్టినప్పుడే అనుకున్నాను, దీనికి తెల్సునని."

తెలిసి ఎందుకు విప్పమన్నారని నేను అడగలేదు. ఆవిడే చెప్పారు.

"నాను కట్టమంటే, ఇన్నాళ్ళూ తెలిసి ఊరుకున్నానని మీ మావకి తెలిసిపోయీది. సూసుంటే సెప్పు అని నిన్ను అడిగినాను కదా. సెప్తావేమో, తప్పు నా మీదకి రాకుండా నీ మీదకి పోతాదనుకున్నాను. నువ్వు సెప్పనేదు." వత్తి పేని పళ్ళెంలో పెట్టారు. "మూడోనాడు పొద్దున్న నువ్వు పెరుగన్నం ఎట్టడం సూసినాను. కుండలో పెరుగు తగ్గింది కదా. కడుపు నిండిపోయింది, ఇంకెక్కడికీ పోదులే అనుకున్నాను."

"నేనూ అదే అనుకున్నాను" అన్నాను.

అత్తగారు తల ఊపారు. ఇద్దరం మళ్ళీ వత్తులు చేశాం. పళ్ళెం నిండింది. నేను లేచి ఒళ్ళో పడిన పత్తి దులపబోయాను.

"గింజలు పారీకు" అన్నారు. "ఆవుకి నానెయ్యాల."

ఏరి పక్కన పెట్టాను.